చిన్నమ్మ వేషం

"ఆ మూట గడప దాటి లోపలికి తేవద్దు వరదా. వసారాలోనే పెట్టు" అన్నది జ్ఞానాంబ.

వరదమ్మ పెట్టలేదు. చంద్రగిరి నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన మూట అది. పసుపు పూసిన గుడ్డలో మానెడు తవుడు. రెండు చేతులా దాన్ని పట్టుకుని గడప బయటే నిలబడిపోయింది. ఆమె వెనక మొగుడు మునిరామయ్య, అతని వేలు పట్టుకుని ఆరేళ్ల కొడుకు రమణ నిలబడ్డారు.

"పిల్లను తీసకపోదామని వచ్చినామక్కా. పదేండ్లు నిండినాయి. నువ్విచ్చిన తవుడు నీకిచ్చేస్తా. నా బిడ్డను నాకియ్యి."

"ఇయ్యనన్నానా? ఈ పొద్దు వద్దంటా ఉండాను. సాయంత్రం బడిలో వార్షికోత్సవం. నెల దినాల నుంచి అది నిద్రలో కూడా నాటకం మాటలే పలవరిస్తా ఉండాది. ఇప్పుడు బడికి పోయి, నేను కాదు మీ అమ్మ, ఆమె అని చెప్తే దాని నోట ఒక్క మాటన్నా వస్తాదా?"

"వినాయక సవితికి వస్తే పరీచ్చలంటివి. దీపావళికి వస్తే జరమంటివి. ఇప్పుడు నాటకమంటా ఉండావు. నువ్వు ఎప్పుడూ ఏదో ఒకటి సెప్తానే ఉండావక్కా!"

జ్ఞానాంబ ముఖం ఎర్రబడింది. అన్న మాట నిజం కాబట్టే అంత ఎర్రబడింది.

ఆ ఇంటి సంగతి తెలియనివాళ్లకు ఈ తవుడేమిటో, ఈ బేరమేమిటో వింతగా ఉంటుంది. వరదమ్మ ముగ్గురు బిడ్డల్ని పురిటి గుడ్డల్లోనే పోగొట్టుకుంది. నాలుగో కాన్పులో ఆడపిల్ల పుడితే, పదకొండో రోజున ఆ పసిగుడ్డును చేటలో పెట్టి పెంటకుప్ప మీద పడుకోబెట్టారు. తోడికోడలు జ్ఞానాంబ మానెడు తవుడు పోసి ఆ బిడ్డను కొనుక్కుంది. కుప్ప మీద దొరికింది కాబట్టి కుప్పమ్మ అని పేరు పెట్టారు. బిడ్డలు దక్కని ఇళ్లల్లో చేసే పనే అది. చావు వెతుక్కుంటూ వస్తే, ఆ బిడ్డ నాది కాదు, ఎప్పుడో అమ్మేశానని చెప్పుకోవడానికి.

అందరూ అమ్మిన పూటే బిడ్డను మళ్లీ ఇంటికి తెచ్చుకుంటారు. వరదమ్మ భయం ఆ ఒక్క పూటతో తీరలేదు. పాలిచ్చింది తానే అయినా జ్ఞానాంబను చూపించి "అదిగో మీ అమ్మ" అని నేర్పింది. తనను చిన్నమ్మా అని పిలవమంది. పాలు మరిచాక, పిల్లలు లేని జ్ఞానాంబ దగ్గరే ఐదేళ్లు నిండేదాకా పెరగనిమ్మని తిరుపతికి పంపేసింది. ఆ ఐదూ పదయ్యాయి. ఎవరి వల్ల పదయ్యాయన్నదే ఇప్పటి పేచీ.

"ఐదేండ్లకే ఇచ్చేస్తానంటిని కదా!" అంది జ్ఞానాంబ. "ఆ నెలలోనే దానికి ఒళ్లంతా తట్టు పోసింది. నా కాళ్లు పట్టుకున్నది ఎవరు? ఇంగో ఐదేండ్లు పెట్టుకో అక్కా, నా నీడ పడితే బిడ్డ దక్కదని ఏడ్చింది ఎవరు? నేనా?"

వరదమ్మ తల దించుకుని మూట ముడి బిగించింది.

"పద్దెనిమిది దినాలు వేపమండ చేతబట్టుకొని దాని పక్కనే కూర్చున్నా. నువ్వు గోడ అవతల నిలబడి, ఎట్లుండాదక్కా అని అడిగి పోతా ఉంటివి. ఒక్క తూరి లోపలికి వచ్చినావా?"

"వస్తే దానికి ఏమన్నా అయితాదని రాలా."

"తెలుసు. నీ భయం నాకు తెలుసు వరదా. పదేండ్లుగా నీ భయాన్నే మోస్తా ఉండాను. నాకూ ఒక భయం ఉంటాదని నీకు ఎప్పుడన్నా తోచిందా?"

నడవలో వాలుకుర్చీలో ఉన్న జ్ఞానాంబ మొగుడు గోవిందస్వామి చప్పుడు కాకుండా లేచి తాళంచెవుల గుత్తి అందుకున్నాడు. ఇల్లు కూలిపోతున్నా సరే, ఇత్తడి సామాన్ల అంగడి తెరిచే వేళ దాటనివ్వని మనిషి ఆయన.

"అన్నా, నువ్వొక మాట సెప్పు" అన్నాడు మునిరామయ్య.

"ఆడోళ్ల మధ్య మనమేం చెప్పేదప్పా. వాళ్లే తేల్చుకోనీ" అంటూ గోవిందస్వామి చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. పదేళ్లుగా ఆ పిల్ల చేత నాయనా అని పిలిపించుకుంటున్న ఆయన కళ్లు తుడుచుకోవడం వీధి మలుపులో పూలమ్మే ఆమె ఒక్కతే చూసింది.

జ్ఞానాంబే చివరికి దిగివచ్చింది. వచ్చి వరదమ్మ చేతిలోని మూటను తానే అందుకుని వసారాలో మూలన పెట్టింది.

"నాటకం అయిపోతానే నా నోటితో నేనే దానికి చెప్తా. రేపు పొద్దున్నే తీసకపోండి. శుక్రవారం గంగమ్మ ముందర తవుడు పోసుకొని బిడ్డను మళ్లీ కొనుక్కో. అంతవరకూ నువ్వు నోరు తెరవకూడదు. ఒప్పుకుంటావా?"

"సత్తెంగా సెప్తావా?"

"నా పసుపు కుంకాల మీద ఒట్టు."

"ఓర్సుకోమే" అన్నాడు మునిరామయ్య మెల్లగా. "పదేండ్లు ఓర్సుకున్నాం. ఈ కాస్త ఎంత?"

వరదమ్మ తల ఊపింది. ఆమెకు కావలసింది ఒక్క మాట. రమణ రోజుకు నూరుసార్లు అమ్మా అని పిలుస్తాడు. పిలిచిన ప్రతిసారీ, ఇది రెండోవాడి నోట వింటున్నానే, మొదటిదాని నోట వినలేదే అనుకుంటుంది. ఈ సాయంత్రం ఆ పిలుపు వినాలి. రేపు బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని చంద్రగిరి బస్సెక్కాలి. అంతకుమించి ఆమె దేవుణ్ణి ఏమీ అడగలేదు.

*

బడి గోడ మీద ఎమర్జెన్సీ నాటి కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం ఇంకా చెరిగిపోలేదు. ఆ గోడకు ఆనించి బల్లలు కలిపి, మీద జంపఖానాలు పరిచి వేదిక చేశారు. అడ్డంగా రెండు దుప్పట్లు తెరగా కట్టారు. మైకు సెట్టువాడు ఊది ఊది, తట్టి తట్టి, కూతలు పెట్టించి ఎట్టకేలకు గొంతు తెప్పించాడు. నాలుగున్నరకే మైదానమంతా నిండిపోయింది.

ముందు వరసలో కుర్చీలు ఉంటే జ్ఞానాంబ అక్కడికి దారితీసింది. వరదమ్మ కుర్చీని కొంగుతో ఒకసారి తుడిచింది. కూర్చోవడానికి మనసొప్పక పక్కనే కింద కూర్చుని రమణను ఒళ్లో వేసుకుంది. మునిరామయ్య వెనక మగవాళ్లలో నిలబడ్డాడు.

ప్రార్థన అయింది. కోలాటమైంది. ఒక పిల్లవాడు ఉపన్యాసం మరిచిపోయి ఏడుస్తూ దిగిపోయాడు.

"ఇప్పుడు ఐదవ తరగతి విద్యార్థిని జ్ఞానప్రసూన ప్రధాన పాత్రలో హాస్య నాటిక, పట్నం వచ్చిన ముత్తమ్మ" అని చదివింది నాగులమ్మ టీచరు.

"మన కుప్పమ్మది ఎప్పుడక్కా?" అని అడిగింది వరదమ్మ.

"ఇదే. బడిలో దాని పేరు జ్ఞానప్రసూన." జ్ఞానాంబ తల తిప్పలేదు.

"ఎప్పుడు మార్సినావు?"

"బళ్లో వేసేటప్పుడే. కుప్పమ్మంటే పిల్లోళ్లు నవ్వరా?"

ఆ పేరే కదా అక్కా దాన్ని కాపాడింది, అందామనుకుంది వరదమ్మ. నోరు తెరవనని ఒప్పుకుంది కాబట్టి ఆ మాట మింగేసింది.

తెర తొలగింది. బస్సుకు గుర్తుగా రెండు బల్లలు, ఒక స్టూలు. ఆ బల్ల మీది నుంచి ముసలమ్మ వేషంలో కుప్పమ్మ దిగింది. నూనె కారే ముడి, రూపాయి కాసంత బొట్టు, చీలమండలు కనబడేటట్టు ఎగ్గట్టిన చీర, చంకలో మూట. నిచ్చెన దిగినట్టు వెనక్కి తిరిగి, ఒక్కొక్క కాలూ తడుముకుంటూ దిగింది. అప్పుడే మైదానం గొల్లుమంది.

"తిరపతి ఇదేనా నాయినా? నిజం సెప్పు. పోయిన తూరి కూడా ఇదే అని సెప్పి యాడనో దించేసినావు!"

వరదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎంత బాగా చెబుతోంది తన బిడ్డ! ఆ గొంతు, ఆ చేయి తిప్పడం, బెదురు లేకపోవడం! పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆమెతో, ఆ పిల్ల నా కూతురమ్మా అని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది.

ముత్తమ్మ చుట్టాలింటికి చేరింది. వాళ్లు కుర్చీ వేశారు. ముత్తమ్మ కుర్చీని కొంగుతో శుభ్రంగా తుడిచి, దాని పక్కన కింద కూర్చుంది. మైదానం మళ్లీ గొల్లుమంది. పళ్లెంలో బూందీ పెట్టారు. ముత్తమ్మ చిటికెడు నోట్లో వేసుకుని మిగిలిందంతా గబగబా కొంగున ముడి వేసింది.

"అదేమి ముత్తమ్మా, తిననే లేదు?"

"తిన్యానమ్మా! ముక్కుతో తిన్యాను. వాసనకే కడుపు నిండిపోయినాది!"

వరదమ్మ నవ్వు సగంలో ఆగింది. ఆ మాట దీపావళికి వచ్చినప్పుడు జ్ఞానాంబ ఇంట్లో తానే అన్నది.

"అమ్మా! అమ్మా! అక్క నీ మాదిరే సేస్తా ఉండాది!" అని రమణ అందరికీ వినబడేలా అరిచాడు. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు ఇటు తిరిగారు. కుర్చీ పక్కన నేల మీద కూర్చున్న మనిషినీ, వేదిక మీది మనిషినీ మార్చి మార్చి చూసి ఇంకా నవ్వారు.

వరదమ్మ చెవులు వేడెక్కాయి. తల దించుకుందామనుకుంది. దించుకోలేకపోయింది. పరాయివాళ్లు నవ్వినా సరే, బిడ్డను చూడకుండా ఎట్లా ఉంటుంది?

ముత్తమ్మ ఊరికి బయల్దేరింది. "పోయొస్తా" అంది. నాలుగడుగులు వేసి తిరిగొచ్చింది. "గొడుగు మర్సిపోయినా." మళ్లీ వెళ్లింది. మళ్లీ వచ్చింది. "వక్కాకు సంచి యాడబెట్టినానో." మళ్లీ వెళ్లింది. ఈసారి తెర దాకా పోయి, అక్కడ నిలబడి, మెల్లమెల్లగా వెనక్కి వచ్చింది. ఆ ఇంటి చిన్నపిల్ల వేషం వేసిన అమ్మాయి ముందు ఆగింది. ఆమె గడ్డం పట్టుకుని ముఖం ఎత్తి, అట్లాగే చూస్తూ నిలబడింది.

"ఈసారి ఏమి మర్చిపోయినావు ముత్తమ్మా?"

"ఏందో మర్సినానే..." ముత్తమ్మ బుర్ర గోక్కుంది. "ఏం మర్సినానో అదీ మర్సిపోయినానే!"

చప్పట్లు మారుమోగాయి. పొట్టలు పట్టుకుని నవ్వారు జనం. పెద్ద పంతులమ్మ కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది.

తిరుపతికి వచ్చిన ప్రతిసారీ అదే చేసింది వరదమ్మ. పోయొస్తానని బయల్దేరి వీధి చివరిదాకా వెళ్లేది. అక్కడినుంచి ముందుకు కాళ్లు పడేవి కావు. ఏదో మరిచానని వంకపెట్టి వచ్చేది, బిడ్డ గడ్డం పట్టుకునేది, ఏం మరిచిందో చెప్పలేక వెళ్లిపోయేది. మునిరామయ్యకు కూడా అది తెలియదు. ఎవరి కంటా పడలేదనుకుంది. పడింది. కుప్పమ్మ అన్నీ చూసింది. అన్నం మానేసి చూసినంత శ్రద్ధగా చూసింది. ఎందుకో ఒక్కటే ఆ పిల్లకు తెలియలేదు. తాను ఏడ్చిన ఏడుపంతా ఇంతమందికి నవ్వులాట అయింది.

వరదమ్మ కన్నీళ్లు రమణ తలమీద పడ్డాయి. వాడు తల తడుముకుని పైకి చూశాడు.

జ్ఞానాంబ చేతిలో విసనకర్ర ఎప్పుడో ఆగిపోయింది. ఆమె నవ్వలేదు, చప్పట్లు కొట్టలేదు. తాను పదేళ్లు తల దువ్వి, బువ్వ పెట్టి, పక్కలో పడుకోబెట్టుకున్న పిల్ల. ఏడాదికి నాలుగుసార్లు వచ్చిపోయే మనిషిని ఇట్లా గుండెకు ఎక్కించుకుంది.

*

బహుమతులు ఇచ్చేశారు. ఇంకా పొద్దుగూకలేదు. బడి వెనక పిల్లలు వేషాలు తీసే గది ముందు వీళ్లు నిలబడ్డారు. కుప్పమ్మ ఎగ్గట్టిన చీరతోనే, చేతిలో స్టీలు గ్లాసు బహుమతితో పరుగెత్తుకుంటూ వచ్చి వరదమ్మను నడుం చుట్టూ పట్టేసుకుంది.

"చిన్నమ్మా, నిన్నే వేసినాను! గుర్తుపట్టినావా? టీచరు ముసలమ్మ వేషమంటే నాకు నువ్వే తట్టినావు. కోపమొచ్చిందా?"

"కోపమెందుకు బంగారూ" అంది వరదమ్మ.

పెద్ద పంతులమ్మ అటుగా వచ్చింది. "ఎంత సహజంగా చేసిందమ్మా మీ అమ్మాయి! ఎవరిని చూసి నేర్చుకుందో గానీ!" అంది జ్ఞానాంబతో.

"మా చిన్నమ్మను చూసి మేడమ్!" అంది కుప్పమ్మ. "చిన్నమ్మ వచ్చినప్పుడల్లా నేను ఆమెనే చూస్తా ఉంటాను."

పంతులమ్మ నవ్వి వెళ్లిపోయింది. మంచి మాటలు వెతుక్కునే స్థితిలో లేదు జ్ఞానాంబ. ఇల్లు చేరి, ఒళ్లో కూర్చోబెట్టుకుని, మెల్లగా చెప్పాలని పగలంతా కూడబెట్టుకున్న మాటలన్నీ ఆ ఒక్క దెబ్బకు చెదిరిపోయాయి.

"ఇంగ చూసింది చాలు, ఆమె దగ్గిరికే పోదువుగాని" అంది. "ఆమే మీ అమ్మ. నేను కాదు."

కుప్పమ్మ నవ్వింది. ఇదీ నాటకమే అనుకుంది.

"నవ్వద్దు. నిజమే చెప్తా ఉండాను. నిన్ను కనింది ఆమె. కుప్ప మీద పెట్టి అమ్మేస్తే మానెడు తవుడు పోసి నేను కొనుక్కున్నా. ఈ పొద్దు తవుడు తెచ్చినారు, తీసకపోయేదానికి."

"వదినా! పసిబిడ్డకు ఇట్లనా సెప్పేది?" అని ముందుకు వచ్చాడు మునిరామయ్య.

"ఎట్ల చెప్పినా అదే కదప్పా!" అని జ్ఞానాంబ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని భోరుమంది.

కుప్పమ్మ నవ్వు పోయింది. వరదమ్మ నడుం చుట్టూ ఉన్న చేతులు సడలిపోయాయి. ఒక అడుగు వెనక్కి వేసి, ఇంతసేపూ తాను ఆడి చూపిన ఆ ముఖాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"నన్ను అమ్మేసినావా చిన్నమ్మా?"

"అది ఉత్తుత్తి అమ్మడం తల్లీ. నీ ముందు ముగ్గురు పోయినారు. నువ్వన్నా దక్కాలని... నువ్వు నాకు దక్కాలనే..."

"దక్కాలంటే ఇంట్లో పెట్టుకుంటారు కదా."

వరదమ్మ మోకాళ్ల మీద కూలబడి పిల్ల చేయి పట్టుకోబోయింది. కుప్పమ్మ చేయి ఇవ్వలేదు. వరదమ్మ కొంగు పట్టుకుని నిలబడ్డ రమణ వైపు చూస్తోంది.

"తమ్ముణ్ణి ఎవరికి అమ్మినారు?"

"నన్నెవురికీ అమ్మలే" అన్నాడు రమణ, వాడికి వాడే జవాబు చెప్పేస్తూ. "నేను మా అమ్మ దగ్గిరే ఉంటా."

"వాణ్ణెందుకు అమ్మలే?" అని అడిగింది కుప్పమ్మ. ఆ అడగడంలో కోపం లేదు. తెలియని లెక్క టీచర్ని అడిగినట్టే అడిగింది.

జవాబు వరదమ్మ దగ్గర ఉంది. నువ్వు దూరంగా ఉండి బతికినావు కాబట్టి వాడి మీద నాకు భయం లేకపోయింది, భయం లేదు కాబట్టి వాణ్ణి అమ్మే పని లేకపోయింది. అంతే. చెబితే రెండు ముక్కలు. కానీ ఆ రెండు ముక్కలూ మనసులో అనుకున్నప్పుడు ఆమెకే భయమేసింది. నువ్వు దూరంగా పెరిగితేనే వాడు నా ఒళ్లో పెరిగాడని ఏ తల్లి చెప్పగలదు? చేయి మాత్రం చాచింది.

కుప్పమ్మ గ్లాసును రెండు చేతులా పట్టుకుని, వేషాలు తీసే గది దగ్గర దుప్పట్లు మడత పెడుతున్న నాగులమ్మ టీచరు దగ్గరికి నడిచి వెళ్లింది. ఎగ్గట్టిన చీర ఊడి నేలమీద ఈడ్చుకుపోతున్నా పట్టించుకోలేదు.

"టీచర్, ఈ పొద్దు నేను మీ ఇంటికి వస్తాను. మీ ఇంట్లో పడుకుంటాను."

నాగులమ్మ టీచరుకు ఏమీ తెలియదు. పిల్ల ముచ్చట పడుతోందనుకుంది. మడతపెట్టిన దుప్పటి చంకన పెట్టుకుని, నవ్వుతూ పిల్ల నెత్తిన చేయి వేసింది.

"సరే రా తల్లీ. పోయి మీ అమ్మను అడిగి రా."

కుప్పమ్మ వెనక్కి తిరిగింది. అక్కడ ఇద్దరున్నారు. ఒకామె గోడకు ఆనుకుని ఏడుస్తోంది. ఇంకొకామె మోకాళ్ల మీద కూర్చుని చేయి చాచి ఉంది.

"పోమ్మా, అడిగి రా" అంది టీచరు మళ్లీ.

పిల్ల ఎటూ కదల్లేదు.